దేవుని పేరు మీద ఊరిని హర్రాజు పెట్టొద్దు!

పసుపును హర్రాజు పెడదాం! సర్పంచ్ కుర్చీని కాదు!
దేవునికి మొక్కుదాం! దేవుని పేరు మీద ఓటు అమ్ముకోవద్దు!



ఈ కాయితం చేతికందగానే మడిచి జేబుల పెట్టకుండ్రి. ఒక చాయ్ తాగేంత సేపు చదువుండ్రి. చదువు రానోళ్లకు చదివి వినిపించుండ్రి. ఇందులో ఏ పార్టీ జెండా లేదు, ఏ దేవునికీ ఎదురు మాట లేదు. దీన్ని రాసిన మాలో గుడికి పోయేటోళ్లున్నరు, నమాజు చదివేటోళ్లున్నరు, ఆదివారం చర్చికి పోయేటోళ్లున్నరు, యాడికీ పోనోళ్లూ ఉన్నరు. పసుపు పండించేటోళ్లు, మార్కెట్ల బస్తాలు మోసేటోళ్లు, బీడీలు చుట్టేటోళ్లు, బడిల పాఠాలు చెప్పేటోళ్లు అంతా కలిసి కూసొని రాసిన మాట ఇది.

పసుపు బియ్యం సంగతి

ఎలక్షన్ ముందటి రాత్రి ఊళ్లల్ల ఏం జరుగుతదో మీకు మేం చెప్పాల్నా? పొద్దు పోయినంక తలుపు చప్పుడైతది. ఒకాయన చేతిల కవరు, ఇంకొకాయన చేతిల పసుపు బియ్యం. కవరు మన చేతిల పెట్టి "ముట్టి ఒట్టెయ్యి" అంటరు. కొన్నికాడ దేవుని పటం మీద చెయ్యి పెట్టిస్తరు. కవరుల పైసలు నాలుగు రోజులల్ల ఖర్చయిపోతయి. ఒట్టు మాత్రం పోలింగ్ బూత్ దాకా మన ఎంబడి వస్తది. బటన్ మీద వేలు పెట్టేటప్పుడు కూడా పిల్లలకు ఏమన్న అయితదేమోనని గుండె దడదడ కొట్టుకుంటది.

ఆ పసుపు ఎవరిది? మనదే. మిరుగం పడంగనే కొమ్ము నాటి, ఎండకూ వానకూ కలుపు తీసి, సంక్రాంతి దాటినంక తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, కాడి వేరు, గోళ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలిన పసుపే. పెండ్లిల తలంబ్రాలకు కలిపేది, గడపకు పూసేది, దెబ్బ తాకితే అద్దేది. మన రెక్కల కష్టాన్నే మన మెడకు తాడు చేసి కట్టే తెలివి ఎవరిదో ఒక్కసారి ఆలోచించుండ్రి.

చట్టం ఈ తెలివిని ఎప్పుడో పసిగట్టింది. పాత శిక్షాస్మృతిల ఉన్న మాటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ల ఉన్నది. దేవుని కోపం తగులుతదని నమ్మించి ఓటరును తిప్పుకొంటే అది ఎన్నికలల్ల అనుచిత ప్రభావం, శిక్ష పడే నేరం. పక్కనున్న 170వ సెక్షన్ లంచం గురించి. ఇచ్చుడూ నేరమే, తీసుకునుడూ నేరమే. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలల్ల మతం పేరు మీద ఓటు అడిగితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద గెలుపే రద్దు కావచ్చు. ఆ సెక్షన్ అభ్యర్థి మతానికే కాదు, ఓటరు మతానికీ వర్తిస్తదని 2017 జనవరి 2 నాడు సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం 4–3 తీర్పుతో చెప్పింది.

ఒట్టు తప్పితే పాపం తగులుతదని భయపడే అవ్వలకు మా ప్రశ్న ఒక్కటే. దొంగతనానికి తోడొస్తనని ఒట్టేసినోడు ఆ ఒట్టు తప్పితే పాపమా, నిలబెట్టుకుంటే పాపమా?

గుడి కోసం కుర్చీ అమ్మకం

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే తెలంగాణల ఏదో ఒక మూల నుంచి ఒకే తీరు వార్త పేపర్ల పడుతది. ఫలానా ఊళ్లె సర్పంచ్ పదవికి పాట పెట్టిండ్రు, పాట దక్కినాయన గుడికి ఇన్ని లక్షలు ఇస్తనన్నడు, మిగతావాళ్లు నామినేషన్ వెయ్యలేదు, ఎన్నిక ఏకగ్రీవం. 2019 జనవరి ఎన్నికలప్పుడు విన్నం. 2025 డిసెంబరుల మళ్లీ విన్నం. పదవులకు వేలం పాడితే చర్య తప్పదని రాష్ట్ర ఎన్నికల సంఘం హెచ్చరించింది. అయినా పాట ఆగలేదు.

మన ఇందూరు (నిజామాబాద్) జిల్లాల దీనికి తోడు గ్రామాభివృద్ధి కమిటీ ఉన్నది. మన నోట వీడీసీ. వీడీసీలు మంచి పనులు చెయ్యలేదని మేం అనం. బడికి గోడ, వాగుకు కట్ట, బోనాలకు ఏర్పాటు ఊరంతా చందా వేసుకొని చేసుకున్న కాలం మా పెద్దలు చూసిండ్రు. కానీ చట్టం ఇచ్చిన అధికారం ఏదీ లేని ఆ కమిటీలే ఇవ్వాళ కొన్ని ఊళ్లల్ల సర్కారు మీద సర్కారు నడుపుతున్నయి. బెల్టు షాపుకు హర్రాజు, కిరాణాకు హర్రాజు, కోడికూర దుకాణానికి హర్రాజు, ఇసుకకు హర్రాజు. మాట వినకపోతే జరిమానా, జరిమానా కట్టకపోతే బహిష్కరణ. పైసలు యాడికి పోతున్నయని అడిగితే "గుడికి" అంటరు. గట్టిగ అడిగితే "దేవుని పైసల లెక్క అడుగుతవా?" అని నోరు మూయిస్తరు.

ఆ సర్పంచ్ పాటల ఎవరెవరు ఓడిపోతున్నరో లెక్క తీద్దాం.

ఇరవై లక్షలు పెట్టి ఒకాయన కుర్చీ కొన్నడనుకుందాం. ఆ ఇరవై లక్షలు అయిదేండ్లల్ల ఆయన యాడికెళ్లి తీస్తడు? మోరీల బిల్లుల నుంచి, వీధి లైట్ల నుంచి, ఇంటి నంబరు కోసం పోయిన మన జేబు నుంచే. గుడికి ఇచ్చింది ఆయన, కట్టేది మనం.

సర్పంచ్ సీట్లల్ల సగం ఆడవాళ్లకు. దళితులకు, గిరిజనులకు, బీసీలకు వేరే రిజర్వేషన్లు. బీడీలు చుట్టే ఒక అక్క ఆ సీటుకు పాట పాడగలదా? పాడలేదు. పైసలున్నాయన పాడుతడు, సంతకం పెట్టే చెయ్యి మాత్రం ఆమెది. 1993ల అమలుకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పేదోనికి ఇచ్చిన కుర్చీ పైసలున్నోని ఇంటికి పోతది.

ఊళ్లె నాలుగు ముస్లిం ఇండ్లు, అయిదు క్రైస్తవ ఇండ్లు ఉంటే వాళ్ల ఓటు కూడా ఆ గుడి ఖాతాలనే జమైతది. వాళ్లను ఎవరూ అడగలేదు. గుడికి రోజూ పోయే హిందువును కూడా ఎవరూ అడగలేదు.

చివరికి ఓడిపోయేది దేవుడే. ఆయన గోపురం మీద అమ్ముడుపోయిన ఓటు మచ్చ పడుతది.

దేవుణ్ణి ఓటుకు పెట్టొద్దన్న రోజు

1949 అక్టోబరు 17. ఢిల్లీల రాజ్యాంగ సభ కూసొని ప్రవేశిక మాటలు ఖాయం చేస్తున్నది. హెచ్.వి. కామత్ అనే సభ్యుడు లేచి, ప్రవేశికను దేవుని పేరుతో మొదలు పెడదామని సవరణ తెచ్చిండు. ఇంకొకాయన దేవుడెందుకు, దేవి పేరు పెట్టుండ్రి అన్నడు. ఆ సభల ఉన్నోళ్లల్ల ఎక్కువమంది పొద్దున లేస్తే దేవునికి మొక్కేటోళ్లే. అయినా పూర్ణిమా బెనర్జీ లేచి, దేవుని మీద ఓటు వేయాల్సిన ఇబ్బందిల మమ్ముల పడెయ్యొద్దని కామత్‌ను వేడుకున్నది. దేవుని పేరు రాస్తే నమ్మకం లేనోని మీద నమ్మకం రుద్దినట్టయితదని హృదయనాథ్ కుంజ్రూ అన్నడు. కామత్ వినలేదు. చేతులు ఎత్తించిండ్రు. సవరణకు 41, వద్దని 68. దేవుని పేరు లేకుండనే, "మేము" అన్న మాటతోనే మన రాజ్యాంగం మొదలైంది.

ఆ 68 మందిని నాస్తికులు అనుకోకుండ్రి. ఇంటి దేవుడు ఇంట్ల ఉంటడు, గుడి దేవుడు గుడిల ఉంటడు, రాజ్యం మాత్రం అందరిదీ అన్న వివేకం వాళ్లది. దేశం అప్పుడే మతం మీద రెండు ముక్కలైంది. నెత్తురు ఇంకా ఆరలేదు. అట్లాంటి కాలంల కూడా దేవుణ్ణి ఓటుకు పెట్టొద్దన్నరు. మనం డెబ్బై ఏండ్ల తర్వాత ఏకంగా హర్రాజుకు పెడుతున్నం.

లౌకిక రాజ్యమంటే గెట్టు

"లౌకికవాదం" అంటే దేవుడు లేడనుడని కొందరు, ఒక మతాన్ని బుజ్జగించుడని కొందరు చెప్తున్నరు. రెండూ తప్పే. రైతుకు అర్థమయ్యే మాటల చెప్పాల్నంటే అది గెట్టు. నా చేను నాది, నీ చేను నీది, నడుమ గెట్టు. గెట్టు సరిగ్గ ఉన్నకాడ అన్నదమ్ములు సుత కొట్లాడరు. గెట్టు చెరిగిందంటే పంచాయితీ మొదలైతది.

ఆ గెట్టు రాళ్లు రాజ్యాంగంల ఉన్నయి. ఎవరి మతం వాళ్లు నమ్మవచ్చు, ఆచరించవచ్చు, చెప్పుకోవచ్చని 25వ అధికరణ. కానీ అదే అధికరణ మొదటి మాటల్లోనే ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం అన్న హద్దులు పెట్టింది. ఏ ఒక్క మతం కోసం ప్రత్యేకంగా పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చెయ్యొద్దని 27. పూర్తిగా సర్కారు పైసలతో నడిచే బడిల మత బోధన ఉండొద్దని 28. మతం, కులం, ఆడ, మగ తేడాతో ఓటరు లిస్టు నుంచి ఎవరినీ తియ్యొద్దు, అందరిదీ ఒకటే లిస్టని 325. బ్రిటిష్ కాలంల మతానికో ఓటరు లిస్టు పెట్టి దేశాన్ని చీల్చిన అనుభవం నుంచి వచ్చిన అధికరణ అది.

అయితే మన గెట్టుల ఒక తూము కూడా ఉన్నది. ఫ్రాన్స్ 1905ల చట్టం చేసి మతానికీ సర్కారుకూ నడుమ గోడే కట్టింది. ఇంగ్లండుల రాజే చర్చికి పెద్ద. మనది ఈ రెండు తొవ్వలూ కాదు. గుడి తలుపులు అన్ని కులాల హిందువులకు తెరిపించడానికి సర్కారు చట్టం చెయ్యొచ్చని 25వ అధికరణలనే రాసిండ్రు. అంటరానితనం 17వ అధికరణతో రద్దయింది. గోడ కడితే గుడి బయట నిలబడ్డ దళితునికి న్యాయం చేసేదెవరని మన పెద్దలు ఆలోచించిండ్రు.

లోపలి నుంచి తలుపు తెరిచినోళ్లూ ఉన్నరు. 2018 ఏప్రిల్‌ల హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిల చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకుడు రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకొని గర్భగుడి దాకా తీసుకపోయిండు. అది మునివాహన సేవ, వైష్ణవ సంప్రదాయంల తిరుప్పాణాళ్వార్ కథను గుర్తు చేసే సేవ. ఆ గుడి గౌరవం తగ్గిందా, పెరిగిందా? ఇక ఇటు చూడుండ్రి. 2025 శ్రీరామనవమికి మన జిల్లాల ఒక ఊళ్లె బహిష్కరణ పేరు మీద ఒక కులం ఆడవాళ్లను రాముని గుడి కాడ అడ్డుకున్నరన్న వార్త మనమంతా చదివినం. ఎవరు భక్తులు? భుజాల మీద ఎత్తుకున్నాయనా, గడప కాడ ఆపినోళ్లా?

"లౌకిక" అన్న మాట ఎమర్జెన్సీల దూర్చిండ్రని వాట్సాప్‌ల తిరుగుతున్నది. 1976ల 42వ సవరణతో ప్రవేశికల చేరిన మాట నిజమే. కానీ పైన చెప్పిన అధికరణలన్నీ 1950 జనవరి 26 నుంచీ ఉన్నయి. పేరు తర్వాత పెట్టిండ్రు, పిల్ల ముందే పుట్టింది. లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంల భాగమని 1994ల ఎస్.ఆర్. బొమ్మై కేసుల తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం చెప్పింది. ఆ మాటను ప్రవేశిక నుంచి తియ్యాలన్న పిటిషన్లను 2024 నవంబరుల సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇది ఢిల్లీ నుంచి దిగిన సరుకు కాదు

కలిసి బతుకుడు మనకు ఒకరు నేర్పాల్నా? ముస్లిం ఇల్లు ఒక్కటి లేని తెలంగాణ పల్లెలల్ల కూడా మొహర్రంకు పీరీలు లేస్తయి. అలావ చుట్టు అసైదులా ఆడేది మాదిగ, మాల, గొల్ల, గౌడ పిల్లలే. మొక్కు తీరిందని బడాపహాడ్ దర్గాకు పోయి కందూరు చేసేటోళ్లల్ల చానామంది నుదుట బొట్టుతోనే పోతరు. ఆ కూర తిన్న నోటితోనే మనం ఇవ్వాళ ఒకరినొకరం అనుమానిస్తున్నం.

డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన సంగతి ముసలోళ్లను అడుగుండ్రి. వందేండ్ల కింద కుష్ఠు వచ్చినోన్ని కన్నోళ్లే ఊరి బయట పెట్టేటోళ్లు. స్కాట్లండ్ నుంచి వచ్చిన క్రైస్తవ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ వాళ్లకు మందు వేసుడు మొదలుపెట్టింది. మన నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ పైసలు ఇచ్చిండు. ఆయన హిందువు. రాజ్యం నిజాంది. 1915ల దవాఖాన తెరిచిండ్రు. పుండు కడిగే చేతికి ఏ మతమని ఆ రోగులల్ల ఒక్కరైనా అడిగి ఉంటరా?

చరిత్రల చేదు కూడా ఉన్నది. దాన్ని సగం చెప్పుడు అబద్ధం చెప్పినట్టే. నిజాం దిక్కు నిలబడ్డ రజాకార్లు ఊళ్లు తగలబెట్టిన మాట నిజం. ఆ రజాకార్లను ఎదిరించి, హైదరాబాద్ దేశంల కలవాలని తన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌ల రాసిన షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టుల నరికి చంపిన మాటా నిజం. ఆయనకు అప్పటికి ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. ఆ సెప్టెంబరుల భారత సైన్యం చేసిన పోలీసు చర్య తర్వాత ఏ పాపం తెలియని ముస్లింలు వేలల్ల చచ్చిపోయిన మాటా నిజమే. కేంద్ర సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ లెక్కను 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు దాచిపెట్టిండ్రు. రాజ్యం ఒక మతం కొమ్ము కాస్తే ఒకసారి వీళ్లు చస్తరు, ఇంకోసారి వాళ్లు చస్తరు. మన తాతలు రెండూ చూసిండ్రు.

ఆ చేదును ఎట్ల మింగాల్నో చెప్పినాయన మన ఇందూరు ఖిల్లా జైలులనే ఉన్నడు. కవి దాశరథిని నిజాం సర్కారు అక్కడ బంధించింది. బొగ్గు ముక్కతో ఆ గోడల మీద నిజాం మీద పద్యం రాసిండు. అదే దాశరథి తర్వాత గాలిబ్ గజళ్లను తెలుగుల పాడిండు. నిజాం మీద కోపం ఉర్దూ మీదికి, ముస్లిం మీదికి పోకుండ గెట్టు పెట్టుకున్న మనిషి ఆయన.

"మేమే ఎక్కువమంది ఉన్నం కదా" అనేటోళ్లకు

ప్రజాస్వామ్యమంటే ఎక్కువమంది మాట చెల్లుడే కదా అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నరు. మంచి ప్రశ్న. ఓట్లల్ల ఎక్కువ తక్కువలు మారుతయి. ఇవ్వాళ ఓడినోడు అయిదేండ్లకు గెలుస్తడు. అందుకే ఓడినోడు కత్తి పట్టడు, ఇంటికి పోయి వచ్చే ఎన్నిక కోసం చూస్తడు. పుట్టుకతో వచ్చిన లెక్క అట్ల మారదు. మతం మీద ఎన్నిక జరిగితే తక్కువమంది ఉన్నోడు పుట్టిన రోజే ఓడిపోయినట్టు. వచ్చే ఎన్నిక లేనోనికి చట్టం మీద నమ్మకం ఎందుకుంటది? ఎక్కువమంది పాలించాలె. పాలించే చెయ్యి తక్కువమంది దేవుని మీద, తిండి మీద, బతుకు మీద పడకూడదు. ఈ రెండు మాటలూ కలిస్తేనే ప్రజాస్వామ్యం.

అర్థం కాకపోతే గల్ఫ్‌కు ఫోన్ చెయ్యుండ్రి. మన ఆర్మూర్, నందిపేట్ పోరగాండ్లు దుబాయిల, మస్కట్‌ల, సౌదీల ఉన్నరు. అక్కడ మనోడే తక్కువమంది. సౌదీల పరాయి మతం గుడి కనబడదు. సూట్‌కేసుల బట్టల నడుమ అవ్వ పెట్టిన దేవుని పటాన్ని రూముల గుట్టుగ మొక్కుకున్న బాధ వాళ్లకు తెలుసు. అబుదాబిల రాజు జాగ ఇస్తే 2024 ఫిబ్రవరిల పెద్ద గుడి తెరిచిండ్రు, మనోళ్లు కండ్ల నీళ్లు పెట్టుకున్నరు. అక్కడ మన పోరనికి ఏం దొరికితే మనం సంబురపడ్డమో, ఇక్కడ పక్కింటి రహీం భాయ్‌కి అదే దొరకాలె. మన సంబురం నిజమైతే ఇది కూడా నిజమే.

కలిసి నిలబడ్డ రోజు

2019 పార్లమెంటు ఎన్నికలను మనం మరువలేదు. పసుపుకు బోర్డు కావాలె, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలె అని 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ సీటుకు నామినేషన్లు వేసిండ్రు. 185 మంది బరిల ఉంటే ఒక్కో బూత్‌ల 12 ఓటింగ్ మిషన్లు వరుస పెట్టాల్సి వచ్చింది. దేశమంతా మన దిక్కు తిరిగి చూసింది. ఆ రోజు నామినేషన్ ఫారం మీద రైతు ఏ గుడికి పోతడని ఎవరన్నా అడిగిండ్రా? పసుపు బోర్డు 2025 జనవరి 14 నాడు మొదలైంది. ధర పంచాయితీ ఇంకా తెగలేదు. తెగాలంటే మళ్లీ అట్లనే ఒక్కటిగా నిలబడాలె.

చీలిన రోజూ చూసినం. 2022 మార్చిల బోధన్‌ల శివాజీ విగ్రహం మీద గొడవ లేచి రాళ్లు పడ్డయి, 144 సెక్షన్ పెట్టిండ్రు. అట్లాంటి ఆంక్షలు పెడితే ముందుగాల మూతపడేది చాయ్ బండి. పస్తులుండేది హమాలీ ఇల్లు. ఆగిపోయేది కూలికి పోయే అక్క ఆటో. మైకుల అరిచినోని ఇంట్ల ఆ రాత్రి పొయ్యి వెలుగుతనే ఉంటది. మార్కెట్ల కాడి, గోళ ధర పడిపోయిన రోజు మాత్రం అరిచినాయన మైకు మూగబోతది.

నాయకులకు కూడా ఒక మాట. బతుకమ్మకు చీరె, రంజాన్‌కు తోఫా, క్రిస్మస్‌కు విందు. సర్కారు ఖజానా నుంచి ఇవన్నీ పంచి "మేం అన్ని మతాలనూ సమానంగ చూస్తున్నం" అంటే సరిపోదు. పండుగ మేం చేసుకుంటం, దానికి మా రెక్కలున్నయి. మాకు ధర ఇయ్యుండ్రి, దవాఖానల డాక్టర్‌ను పెట్టుండ్రి, బడిల టీచర్‌ను ఇయ్యుండ్రి. సర్కారు మమ్ముల భక్తులుగ లెక్కవెట్టుడు ఆపి పౌరులుగ చూడాలె.

"మరి గుడి ఎట్ల కట్టాలె?"

నిజమైన ప్రశ్న. జవాబూ సులువే. గుడి కట్టుండ్రి, మసీదు కట్టుండ్రి, చర్చి కట్టుండ్రి. ఇష్టమున్నోళ్ల దగ్గర చందా తీసుకొని, రసీదు ఇచ్చి, లెక్క గోడ మీద రాసి కట్టుండ్రి. ఏకగ్రీవం కూడా చేసుకోండ్రి, ఊరంతా కూసొని మంచి మనిషిని ఎంచుకుంటే అంతకంటే కావాల్సిందేమున్నది? పైసలకు పాడి తెచ్చుకున్న ఏకగ్రీవంల మాత్రం ఊరి మాట లేదు, పాటగాని మాటే ఉన్నది.

అందుకే ఇట్ల చేద్దాం:

1. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. వచ్చే గ్రామసభకు ఇంటికొకరం పోదాం. "మా ఊళ్లె ఏ పదవికీ హర్రాజు ఉండదు, ఏ దేవుని పేరు మీదా పాట ఉండదు" అని తీర్మానం రాయిద్దాం. ఆడవాళ్లు ముందు వరుసల కూసోవాలె.

2. గుడి, మసీదు, చర్చి, వీడీసీ ఏదైనా సరే, ఊరి చందా తీసుకుంటే ఆదాయం, ఖర్చు బోర్డు మీద రాయాలె. లెక్క అడుగుడు దైవద్రోహం కాదు. లెక్క దాచుడే ద్రోహం.

3. పసుపు బియ్యం పట్టుకొని వచ్చినోన్ని గడప కాడనే ఆపుదాం. "మా ఇంట్ల పసుపు శుభానికే వాడుతం" అని ఒక్క మాట అందాం.

4. బహిష్కరణ చాటింపు వేస్తే ఒంటరిగ ఏడ్వకుండ్రి. చాటింపును ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి, 100కు ఫోన్ చెయ్యుండ్రి, పోలీసులకు, తహసీల్దార్‌కు రాసి ఇయ్యుండ్రి. దళితులను, గిరిజనులను బహిష్కరిస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పైసలు లేకుండ వకీలును ఇస్తది. నంబర్ 15100. గోదావరి అవతలి మహారాష్ట్ర 2016లనే సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేక చట్టం చేసింది. అట్లాంటి చట్టం తెలంగాణలనూ పక్కాగ అమలు కావాలని మన ఎమ్మెల్యేను అడుగుదాం.

5. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు బందు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు గుడికీ, మసీదుకూ, చర్చికీ, డీజేకూ ఒకటే. పరీక్షలు రాసే పిల్లలకూ, పసుపు ఉడకబెట్టి అలసిన రైతుకూ నిద్ర కావాలె.

6. మతం మీద మంట పెట్టే మెసేజ్ వస్తే ఒక్క రాత్రి ఆగుండ్రి. తెల్లారి ఆ మతపాయన్నే ఎదురుగ నిలబెట్టి నిజమా అని అడుగుండ్రి. అడగడానికి సిగ్గనిపించే మాటను పదిమందికి పంపడానికి సిగ్గు ఎందుకు రాదు?

7. నవంబరు 26 రాజ్యాంగ దినం. ఆ పొద్దు బడి పిల్లలు ప్రవేశిక చదివితే ఊరు ఊరంతా నిలబడి విందాం. ఐలాపూర్ల, వన్నెల్ల, తల్వేదల, ఉమ్మెడల, ప్రతి ఊళ్లె విందాం.

ఈ ఏడింటికీ పైసలు అక్కర లేదు. భయం పోతే చాలు.

రేపు మళ్లీ ఎన్నిక వస్తది. రాత్రి మళ్లీ తలుపు చప్పుడైతది. ఆ చేతిల బియ్యానికి అంటిన పసుపు మన చేనుల పండినదే అయి ఉంటది. ఆ పసుపును తలంబ్రాలల్ల కలుపుదాం, బోనం కుండకు పూద్దాం, మార్కెట్ల హర్రాజు పెట్టి మంచి ధర అడుగుదాం. కానీ ఓటు మీద చల్లనియ్యొద్దు. పోలింగ్ బూత్‌ల గుర్తు ముందు నిలబడ్డప్పుడు మన వేలికి సిరా ఒక్కటే అంటాలె.

గుడి తలుపు అందరికీ తెరవాలె! పంచాయతీ తలుపు ఎవరికీ అమ్మొద్దు!
మతం మన నమ్మకం! రాజ్యాంగం మన అందరి కట్టుబాటు!
పసుపుకు ధర కావాలె! ఓటుకు ధర వద్దు!

ఇట్లు,
నందిపేట్ మండల రైతులు, హమాలీలు, బీడీ కార్మికులు, టీచర్లు, విద్యార్థులు

(చదివినంక పారెయ్యకుండ్రి. పక్కింటికి ఇయ్యుండ్రి.)